తగ్గిన బరువు

2016 వానాకాలం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఇంకా పుట్టలేదు, మాదంతా ఖమ్మం జిల్లాయే. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్లకు పోయే రోడ్డు మీద ఒక చిన్న పశువైద్యశాలలో నేను డాక్టర్ని. రోడ్డుకు ఎడమ పక్క గోదావరి, కుడి పక్క ఛత్తీస్‌గఢ్ దాకా అడవి.

జూన్ చివర్లో ఒక కోయ అవ్వ తన కుక్కను తాడు పట్టి నడిపిస్తూ, నడవలేని చోట ఎత్తుకుంటూ, వానలో ఆరు కిలోమీటర్లు వచ్చింది. నల్ల మచ్చల ఊరకుక్క. డొక్కలు లోపలికి పోయాయి, పక్కటెముకలు వేలితో లెక్కపెట్టొచ్చు. వారం రోజులుగా విరేచనాలు, మధ్యలో జిగట.

"ఇది లేకుంటే నాకు చేను లేదు సారూ" అంది. పోడు చేనులో మొక్కజొన్న వేసిందట. రాత్రి అడవి పందులు దిగితే అరిచి తరిమేది ఈ కుక్కే. మనుషులెవరూ తోడు లేరు.

మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి ముందు తూచాలి. మా దగ్గర ఉన్నది మనుషులెక్కే చిన్న కాటా. కుక్క దాని మీద నిలబడదు. అందుకని ముందు అవ్వను ఒక్కదాన్నే ఎక్కించాం: 43 కిలోలు. తర్వాత కుక్కను ఎత్తుకుని ఎక్కింది: 57. తీసేస్తే కుక్క 14. రిజిస్టరులో రాసుకున్నాను.

మలాన్ని మైక్రోస్కోపు కింద పెడితే కొంకిపురుగుల గుడ్లు కనిపించాయి. పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం తాగే పురుగులవి. చిగుళ్లు పాలిపోవడానికి కారణం దొరికింది. ఫెన్‌బెండజోల్, కిలోకు 50 మిల్లీగ్రాముల లెక్కన మూడు రోజులకిచ్చి, మూడు వారాల తర్వాత మళ్లీ తెమ్మన్నాను. మెత్తటి అన్నం, వారానికి మూడు గుడ్లు పెట్టమన్నాను.

"కోడి ఉంది సారూ, గుడ్లు పెడతది" అంది.

చెప్పిన రోజుకు వచ్చింది. విరేచనాలు కట్టాయి. మలంలో గుడ్లు లేవు. చిగుళ్లకు రంగొచ్చింది. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కింది: 56న్నర. రిజిస్టరులో అవ్వ బరువు ఉండనే ఉంది, మళ్లీ తూచే పనేముంది? 43 తీసేశాను. కుక్క పదమూడున్నర. రోగం తగ్గింది, బరువు పెరగలేదు. రెండో విడత మందిచ్చి, తిండి పెంచమన్నాను.

ఆగస్టు మొదట్లో మూడోసారి. 55న్నర. అంటే కుక్క పన్నెండున్నర.

నాకు గుబులు పుట్టింది. బాగా తింటూ చిక్కిపోయే జంతువును చూస్తే వైద్యుడికి వరసగా కొన్ని అనుమానాలు రావాలి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాలా? చెవి కొస నుంచి చుక్క రక్తం తీసి గాజు పలక మీద చూశాను. బబేసియా లేదు, ఎర్లికియా కనిపించలేదు. మధుమేహమా? షుగరు సరిగానే ఉంది. క్లోమం దెబ్బతిందా? అలాగైతే తిన్నది అరగక మలం జిడ్డుగా, కుప్పలుగా పడాలి. ఇది గట్టిగా, శుభ్రంగా ఉంది. కడుపులో గడ్డా? వేళ్లతో నొక్కి నొక్కి చూశాను, ఏమీ తగల్లేదు. కుక్క తోక ఊపుతూ నా చెయ్యి నాకుతోంది. దాని బొచ్చు నిగనిగలాడుతోంది. అది కళ్లకు కనబడుతూనే ఉంది. కానీ నేను రిజిస్టరునే నమ్మాను.

ఇక మిగిలింది తిండి. అవ్వ మీద కోపమొచ్చింది.

"నిజంగా పెడుతున్నావా అవ్వా, లేకపోతే నాకు చెప్పడానికి చెబుతున్నావా?"

ఆమె నొచ్చుకుంది. "దానికి పెట్టినాకే నేను తింటున్న సారూ."

నమ్మకం కుదరక ఈసారి చీటీ మీద కొలతతో సహా రాసి, చదివి వినిపించాను: పూటకు వంద గ్రాముల బియ్యం వండి, రెండు పూటలా పెట్టాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదు. వంద గ్రాములంటే ఎంతో మందుల డబ్బా మూతతో కొలిచి చూపించి, ఆ మూత ఆమె చేతికే ఇచ్చాను. చీటీని, మూతను కొంగున ముడేసుకుని వెళ్లింది.

ఆగస్టు చివర్లో నాలుగోసారి వచ్చింది. కుక్కను ఎత్తబోయి, సగంలో దించేసి, కాటా పక్కన గోడకు చేరగిలబడింది.

"ఇది బరువెక్కింది సారూ. ఎత్తలేకపోతున్న."

రెండోసారి మా అటెండరు సాయం పడితే ఎత్తుకుని కాటా ఎక్కింది. ముల్లు 54 దగ్గర ఆగింది. 43 తీసేస్తే పదకొండు. రెండు నెలల్లో మూడు కిలోలు పోయాయి. ఇంకేం చూడాలో తెలియక, ఖమ్మం పంపిద్దామని కాగితం తీశాను. ఈలోపు అవ్వ చేతులు వణికి, కుక్క జారి కిందికి దూకింది. ఆమె కాటా మీదే నిలబడి ఉంది.

ముల్లు వెనక్కి తిరిగి, 38 దగ్గర ఆగింది.

కుక్క పదహారు కిలోలు. మొదటి రోజు కన్నా రెండు కిలోలు ఎక్కువ. దానికి ఏ రోగమూ లేదు.

అవ్వ ముఖంలోకి అప్పుడు చూశాను. నాలుగు సార్లు వచ్చిన మనిషి. చెంప ఎముకలు పొడుచుకొచ్చాయి. మోచేతికి ఉండాల్సిన కడియం మణికట్టు దగ్గరికి జారింది.

"నువ్వేం తింటున్నావు అవ్వా?"

"వానాకాలం గదా సారూ, కూలి లేదు. కార్డు బియ్యమే. నువ్వు చెప్పినట్టే దానికి వండి పెడుతున్న. గంజి నేను తాగుతున్న."

అప్పట్లో రేషన్ కార్డులో పేరున్న ఒక్కో మనిషికి నెలకు ఇచ్చేది ఆరు కిలోలు. ఆమె కార్డులో ఉన్నది ఆమె ఒక్కతే. ఆరు కిలోలంటే రోజుకు రెండు వందల గ్రాములు.

కొంగు ముడి విప్పి నా చీటీ, మూత బల్ల మీద పెట్టింది. పూటకు వంద గ్రాములు. రెండు పూటలు. ఒక్క రోజు కూడా తప్పకూడదు.

ఆమె ఒక్క రోజు కూడా తప్పలేదు.