పోస్తోందా, లేదా?

మా బావ పాత బోటు మోటారు ఒకటి కొన్నాడు. 25 గుర్రాలది. "గుర్రాలన్నీ బతికే ఉన్నాయా?" అన్నందుకు కార్తీక మాసం దాకా నాతో మాట్లాడలేదు. వనభోజనాలకి మనిషి తక్కువై పిలిచాడు. దిండి దగ్గర వశిష్ఠలో, లంకకేసి, ఆరుగురం, ఒడిలో పులిహోర గిన్నె.

నడి గోదాట్లో మోటారు కుయ్యిమని ఒకటే కూత. వేగం దానంతటదే పడిపోయింది. బావ ఆయిలు చూశాడు, ఉంది. పెట్రోలు చూశాడు, ఉంది. ఇంకేం చూడాలో తెలీక నాకేసి చూశాడు. "బ్యాటరీ" అన్నాడు మామయ్య. ఇంట్లో కుళాయి కారినా ఆయన బ్యాటరీయే అంటాడు. నేనైతే కూసే వైరు పీకేద్దామన్నాను.

పక్కనే పోతున్న పడవలోంచి ముసలి సరంగు కేకేశాడు: "ఉచ్చ పోస్తందా?"

"బయల్దేరేముందే పోశాడండీ" అంది అక్క, కొడుకుని దగ్గరికి లాక్కుని.

"బాబు కాదమ్మా, మోటారు!"

ఈ మోటారుకి కారుకున్నట్టు రేడియేటరుండదట. కిందున్న జల్లెడలోంచి ఏటి నీళ్లే లాక్కుంటుంది. లోపల రబ్బరు రెక్కల చక్రం ఆ నీళ్లని సిలిండర్ల చుట్టూ తిప్పి బయటికి తోస్తుంది. అందులో కాస్త సన్నటి ధారగా పక్కకి పడుతూ ఉండాలి. అది పడుతుంటే నీళ్లు ఆడుతున్నట్టు. మాది ఎప్పుడాగిందో, పాటల హోరులో ఎవరు చూశారు?

ఇంజనాపి మోటారు పైకెత్తాం. జల్లెడ నిండా గుర్రపుడెక్క వేళ్లు. 25 గుర్రాల్ని ఆపింది ఒక్క డెక్క! దాని కింద తళతళలాడుతూ చిప్స్ కవరు. మామయ్య ఎందుకో ఒడ్డుకేసి చూస్తున్నాడు.

అంతా పీకేశాక, మోటారు దించకుండానే బావ తాడు లాగబోయాడు. "నీళ్లు లేకుండా తిప్పితే రబ్బరు మాడిపోద్దండి బాబూ! దించండి, చల్లారనివ్వండి" అని సరంగు తన పడవలో బీడీ ముట్టించాడు. బీడీ అయింది, మా పులిహోరలో సగమూ ఆయనకే అయింది.

ఈసారి కూత లేదు. ధారా లేదు.

"కన్నంలో ఒండ్రు పట్టుంటది. పిన్నీసుందా?"

బావ బోటులో ఉన్న పనిముట్లన్నీ అక్క గాజులకే ఉన్నాయి, నాలుగు పిన్నీసులు. ఒకటి తీసుకుని బావ వంగి పొడిచాడు. మిరియపు గింజంత మట్టి రాలింది. దాని వెనకే గోరువెచ్చటి ధార, సూటిగా బావ కొత్త పంచె మీద.

"పోసింది!" అని మేమంతా ఒక్కసారే అరిచాం.

లంకలో దిగాక ఎదురొచ్చిన చుట్టాలందరూ పంచెకేసే చూశారు. బావ ఏం మాట్లాడలేదు. మేనల్లుడు మాత్రం అడక్కపోయినా ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి "నేను కాదు" అని చెప్పొచ్చాడు.