అడుగున ఏమీ లేదట!

దాజీ పేట్‌లో కూర్చుని సముద్రం గురించి రాతలేమిటని మా వీధిలోనే అడుగుతారు. నిజమే. సోలాపూర్‌కు సిద్ధేశ్వర్ చెరువుంది, హిప్పర్గా చెరువుంది, సముద్రం లేదు. కానీ పడవ మీంచి ఒక పూట తొంగిచూసి సముద్రపు అడుగు మీద వందల పేజీలు రాసే నిపుణులున్న దేశంలో, అసలు చూడకుండా ఒకటిన్నర పేజీ రాసే నా పాపం ఎంతని? పైగా నాకు ఫీజు కూడా లేదు.

సంగతి పులికాట్‌ది. పాతవాళ్ల నోట ప్రళయకావేరి. మన తీరాల్లో చిలికా తర్వాత అంతటి ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస తమిళనాడులో. ఆ కొసకు దగ్గర్లోనే కాట్టుపల్లి రేవు. 2018లో అదానీ పోర్ట్స్ చేతికొచ్చింది. ఏడాదికి 24.6 మిలియన్ టన్నుల సామర్థ్యాన్ని 320 మిలియన్లకు పెంచుతామన్నారు. జాలర్లు వద్దన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ 2021లో ఒకసారి, 2023లో ఇంకోసారి వాయిదా పడింది. ఆ తగువు తేల్చడం నా పని కాదు. ఏ తీరాన ఏ కట్టడం లేవబోతున్నా పర్యావరణ నివేదికలో ముందే అచ్చయి ఉండే మాట ఒకటుంది కదా: అడుగు జీవుల మీద ప్రభావం స్వల్పం, అదీ తాత్కాలికం. నాకు ముచ్చటేసేది ఆ మాటే.

అడుగు జీవులను లెక్కపెట్టడం చిన్న పనేమీ కాదు. పడవ మీంచి తాడు కట్టి ఒక ఇనుప దవడను నీళ్లలోకి వదులుతారు. వాన్ వీన్ అనే డచ్ ఇంజనీరు 1933లో చేసింది, ఇప్పటికీ ఆయన పేరే. నేల తగలగానే దవడలు మూసుకుని బురద కరుచుకుని పైకొస్తుంది. మామూలు సైజుదైతే ఒక్కసారికి 0.1 చదరపు మీటరు. ఆ బురదను అర మిల్లీమీటరు కన్నున్న జల్లెడలో కడిగి, మిగిలినదాన్ని ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు కలుపుతారు. (రంగు అనగానే మా నేతగాళ్ల పేటలో చెవులు నిక్కబొడుచుకుంటాయి.) రంగెక్కిన జీవి ఇసుకలో ఇట్టే కనబడుతుంది. పురుగులను, చిట్టి ఆల్చిప్పలను, రొయ్య జాతి నలుసులను ఒక్కొక్కటే ఏరి, జాతి గుర్తుపట్టి, లెక్క రాయాలి. కళ్లు పోయే పని. చేసేవాళ్లకు దణ్ణం పెడతాను. ఆ సీసాలు ఏ నెలలో, ఏ మూల, ఎన్ని నింపాలో ఏసీ గదిలో తేల్చేవాళ్లతోనే నా పేచీ.

ఎందుకంటే 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ కింద నడిచే ఈ తంతులో సాధారణంగా ఒక్క కాలపు సమాచారం చాలు, అదీ వానాకాలం కాకూడదు. పులికాట్‌కు ప్రాణం పోసేదే అక్టోబరు, డిసెంబరు నెలల నడుమ కురిసే వాన. ఆరణి, కాళంగి నదులు పారితే నీటిలో ఉప్పు విరుగుతుంది. ఎండాకాలంలో అదే ఉప్పు సముద్రాన్ని మించుతుంది, ఉత్తరాన సరస్సు నేల నెర్రెలిస్తుంది. ఉప్పు మారితే అడుగున కాపురాలూ మారతాయి. మనవాళ్లు ఏప్రిల్‌లో వెళ్లి నాలుగు సీసాలు నింపుకొచ్చి, ఏడాది జాతకం అదేనని బైండు చేయిస్తారు.

వంద చద్దర్ల కట్టలో ఒకదాని మూల జానెడు తడిమి, మిగతావీ ఇంతేలే అని డబ్బు లెక్కపెట్టే సేఠ్ దాజీ పేట్‌లో ఇంకా పుట్టలేదు. పైగా ఆ తడిమే మనిషికి కూలి అమ్మేవాడే ఇస్తాడంటే సేఠ్ కట్ట విప్పకుండానే లేచిపోతాడు. పర్యావరణం దగ్గర మాత్రం సర్కారుకు అంత అనుమానం లేదు. కన్సల్టెంటుకు గుర్తింపు ఉంటే చాలు. వాణ్ణి ఎంచుకునేదీ, ఫీజిచ్చేదీ కట్టేవాడే. అందుకే మా మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా బాక్సైట్ గని నివేదికలోకి రష్యా గని నివేదిక పేరాలు నడిచొచ్చాయి. కొంకణ్ కొబ్బరిచెట్ల నడుమ పక్షులు స్ప్రూస్, బర్చ్ అడవుల్లో గూళ్లు కట్టుకున్నాయి!

ఇక ఊరడింపుల అధ్యాయం. కదలగల జీవులు పక్కకు తరలిపోతాయట. ఆల్చిప్పలు పెళ్లాంపిల్లలతో మూటాముల్లె సర్దుకోవాలి కాబోలు. తవ్వకం ఆగాక మళ్లీ వచ్చి స్థిరపడతాయట. వస్తాయి, కాదనను. ముందుగా వచ్చేవి కుళ్లు బురదలోనూ వర్ధిల్లే కాపిటెల్లా లాంటి పురుగులు. తలలు లెక్కపెడితే జనాభా పెరిగినట్టే. ఎన్ని రకాలని మాత్రం అడక్కూడదు. ఇంకా బాధపడేవాళ్ల కోసం హరిత వలయం ఉంది: నీటి అడుగున పోయినవాటికి బదులు ఒడ్డున మొక్కలు.

అన్నిటికన్నా గొప్ప లెక్క కాట్టుపల్లి పక్కనున్న ఎన్నూరు వైపు చూస్తే అర్థమవుతుంది. అక్కడి ఉప్పుటేట్లో ఏళ్ల తరబడి థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద చేరింది. అలాంటి చోట ఇవాళ సర్వే చేస్తే జీవవైవిధ్యం తక్కువనే వస్తుంది. ఉన్నది తక్కువ కనుక పోయేదీ తక్కువ, పోయేది తక్కువ కనుక కట్టుకోవచ్చు. మొదటివాడు చంపి పెడితే రెండోవాడికి అనుమతి సులువు.

ఈ లెక్కకు రాని పురుగుకు మరో చోట ధర ఉంది. రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య బాగా గుడ్లు పెట్టాలంటే సముద్రపు పురుగులే మేత. పులికాట్ బురదలో వాటిని ఏరి అమ్ముకుని పొయ్యి వెలిగించుకునే పేదలున్నారు. కిలోల్లో తూగే సరుకు నివేదికలో స్వల్పం ఎలా అయిందో వాళ్లను సర్వే బృందం అడిగి ఉంటే బాగుండేది.

కట్టడమే పాపమని నేననను. పులికాట్‌ను సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం పూడిపోయిందని, తవ్వమని జాలర్లే మొత్తుకుంటున్నారు. చిలికాలో 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచి, ఏళ్ల తరబడి నీటినీ చేపనూ గమనిస్తూ వచ్చారు. 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు 2002లో అందులోంచి బయటపడింది. కొలవడం మనకు రాక కాదన్నమాట.

అనుమతి వచ్చాక కూడా చట్టం నిద్రపోదు లెండి. షరతులు పాటిస్తున్నామని ఆరు నెలలకోసారి నివేదిక పంపాలి. పంపాల్సింది కట్టినవాళ్లే. బురద గురించి ఏం రాయాలో వాళ్లు కొత్తగా ఆలోచించనక్కర్లేదు, పాత పేజీ కంప్యూటర్లోనే ఉంటుంది.