ఇంకో వంద పెడితే

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా ఉన్న కాలనీ ఏదైనా తీసుకోండి. వ్రతాలకు పురోహితుణ్ణి మాట్లాడిపెట్టే ఆయన ఒకరు, ఆవకాయ డబ్బాలు అమ్మే ఆవిడ ఒకరు, షేర్ల గురించి తప్ప నోరు విప్పని కుర్రాడు ఒకడు ఉంటారు. ఈమధ్య వీళ్లకి తోడు మరో జాతి బయల్దేరింది. వెయ్యి గజాల దూరంలో ఉన్న ఇనప పలకని కొట్టడానికి తక్కువ ధరలో రైఫిలుకి మంచి స్కోపు వెతికే జాతి. మా కాలనీలో ఆ పదవిని అలంకరించిన పెద్దమనిషిని మేమంతా చాటుగా స్కోపేశ్వరరావు అనుకునేవాళ్లం. ఇప్పుడు ఎదురుగానే అంటున్నాం. ఆయనకేం అభ్యంతరం లేదు.

ఉద్యోగం ఏదో బ్యాంకు సాఫ్ట్‌వేరు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ ఊసెత్తలేదు. ఆ వీసావాళ్లని మామూలుగా ఇక్కడి చట్టం కొననివ్వదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన నెలలోనే 6.5 క్రీడ్‌మోర్ రైఫిలు కొనేశారు, ఒక్క పూటలో. నలుపా, ఆకుపచ్చా అని కూడా అడగలేదు. తర్వాత దాని మీద బిగించాల్సిన స్కోపు దగ్గర ఆగారు. ఆగి రెండేళ్లయింది. గ్రీన్‌కార్డు క్యూలో పన్నెండేళ్లు నిలబడ్డ మనిషికి అదేం లెక్క!

మొదటిరోజు ఆయన బడ్జెట్ మూడు వందల డాలర్లు. పైసా దాటేది లేదని శ్రీమతి ముందు ఒట్టేశారు కూడా. వారం తిరక్కుండానే ఫోను.

"గురూగారూ, ఇంకో వంద పెడితే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ వస్తుందండీ."

అంటే జూమ్ పెంచేకొద్దీ బొమ్మతో పాటు లోపలి గీతలు కూడా పెరుగుతాయి. గీతకీ గీతకీ మధ్య కొలత ఏ జూమ్‌లో చూసినా ఒక్కటే. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీతలు ఉన్నంతే ఉంటాయి, కొలత ఒక్క జూమ్ దగ్గరే, సాధారణంగా అన్నిటికన్నా పై జూమ్‌లోనే, సరిపోతుంది. సరే, వంద పెట్టదగ్గ కారణమే అనుకున్నాను.

"ఇంకో వంద పెడితే జీరో స్టాప్." గురిని సర్దే నాబ్‌ని ఎంత తిప్పినా, వెనక్కి తెచ్చేటప్పుడు మొదలుపెట్టిన చోట టక్కున ఆగుతుంది. అదీ మంచిదే. "ఇంకో రెండొందలు పెడితే చైనా సరుకు వదిలి ఫిలిప్పీన్స్ సరుక్కి వెళ్లొచ్చు. ఇంకో అయిదొందలు పెడితే జపాన్." జపాన్‌లో ఒకే ఫ్యాక్టరీ చాలా బ్రాండ్లకి స్కోపులు చేసిపెడుతుందని ఎక్కడో తెలుసుకున్నప్పట్నుంచీ, డబ్బా మీది పేరు చూడటం మానేసి అడుగున ఏ దేశం అని రాసుందో చూడటం మొదలెట్టారు. ఇక జర్మనీవాళ్ల ష్మిట్ అండ్ బెండర్ పేరు పలికేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఒకసారి ఆ పేరు విని వాళ్ల శ్రీమతి వంటింట్లోంచి వచ్చి, "ఆయనెవరండీ, మీ కొత్త మేనేజరా?" అని అడిగింది.

ఆయన ఎక్సెల్ షీటు చూసి తీరాల్సిందే. నలభై ఆరు వరసలు. వోర్టెక్స్, ఆథ్లాన్, ఆర్కెన్, బుష్‌నెల్, సైట్రన్, ప్రైమరీ ఆర్మ్స్ అన్నీ కొలువుతీరి ఉంటాయి. ట్యూబు 30 మిల్లీమీటర్లా, 34 మిల్లీమీటర్లా అని ఒక కాలమ్. ట్యూబు లావైతే లోపల నాబ్ తిరగడానికి చోటు ఎక్కువుంటుంది. ఎగ్జిట్ ప్యూపిల్‌కి ఇంకోటి. ముందద్దం 50 మిల్లీమీటర్లుండి 25 రెట్ల జూమ్ పెడితే కంటికి చేరే వెలుగు వలయం 2 మిల్లీమీటర్లే, తల ఇసుమంత కదిలినా చీకటి. వారంటీ కాలమ్‌లో వోర్టెక్స్ ఎదురుగా ఆకుపచ్చ రంగు పూశారు, వాళ్లది జీవితకాలపు వారంటీ, చేతులు మారినా చెల్లుతుంది. "నేను కొంటే మా మనవడిదాకా భయం లేదండీ." కొంటే కదా! చిట్టచివరి కాలమ్ పేరు "మనవాళ్లెవరైనా వాడుతున్నారా". రెండేళ్లుగా అది ఖాళీగానే ఉంది.

కొన్నవి లేవా అంటే ఉన్నాయి. వాపసు ఇవ్వడానికి కొన్నవి. డబ్బాకి అంటించిన టేపుని బ్లేడుతో, మళ్లీ అతికించడానికి వీలుగా కోస్తారు. ఒక శనివారం గరాజ్‌లో ఒక స్కోపుని విడిగా బల్లకి బిగించి, సందు చివర కరెంటు తీగ వైపు తిప్పి నన్ను చూడమన్నారు.

"కనపడిందాండీ?"

"తీగ కనపడింది. దాని మీద పిట్ట."

"పిట్టని చూడకండి. పిట్ట అంచు చూడండి. ఊదారంగు లేదూ?"

మరీ మరీ చూస్తే, ఎండలో నల్లటి రెక్క చుట్టూ సన్నగా ఊదా చార ఉన్నట్టే ఉంది. చవక అద్దాల్లో రంగులన్నీ ఒకేచోట కలవవు, అందుకే ఆ చార. గురికీ దానికీ పెద్ద సంబంధం లేదు. ఆయన మాత్రం ఇంట్లో చెదలు కనపడ్డంత బాధగా తల ఊపి, సోమవారం పొద్దున్నే వాపసు కౌంటరు దగ్గర నిలబడ్డారు. అక్కడి పిల్ల ఇప్పుడు పేరు అడగదు, "ఈసారేమైంది?" అని మాత్రం అడుగుతుంది.

ఇక కొలతల గొడవ. స్కోపు నాబుల్లో రెండు మతాలున్నాయి. మినిట్ ఆఫ్ యాంగిల్ అంటే 100 గజాల దూరంలో 1.047 అంగుళాలు. మిల్లు అంటే అదే దూరంలో 3.6 అంగుళాలు. ఒకదాన్లో ఒక క్లిక్కు సాధారణంగా పావు మినిట్, రెండోదాన్లో మిల్లులో పదోవంతు. ఎదిటివాళ్లు ఏది వాడితే అదే వాడితే మాట కలుస్తుంది, అంతకు మించి రహస్యం లేదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం చేతిలో పెట్టుకుని ఆయన దీని మీద ఒక కుర్రాడితో గంట వాదించారు. "మనం మెట్రిక్ చదువుకున్నవాళ్లం, మిల్లే మనది" అని ఈయన. "మిల్లు కోణమండీ అంకుల్, మెట్రిక్కుదీ కాదు, అంగుళాలదీ కాదు" అని వాడు. కుర్రాడి మాటే నిజం. ఈయన రెండూ షీట్లో ఉంచేశారు.

ఆయన్ని ఒక ఆదివారం బలవంతాన రేంజికి లాక్కెళ్లాను. రైఫిలు గరాజ్‌లోనే ఉంది, స్కోపు లేదుగా. పక్క బల్ల దగ్గర ఒక టెక్సస్ ముసలాయన, ప్యాంటుకి భుజాల మీదుగా పట్టీలు, చేతిలో గీతలు పడి రంగు పోయిన స్కోపున్న రైఫిలు. అది ఎస్‌డబ్ల్యూఎఫ్‌ఏ వాళ్ల పది రెట్ల స్కోపు. జూమే లేదు, ఎప్పుడూ పదే. డాలస్ పక్కనున్న మిడ్లోథియన్‌లోని ఆ కంపెనీ ఏళ్ల తరబడి దాన్ని ఇంచుమించు మూడు వందల డాలర్లకే అమ్మింది. అంటే మన కథానాయకుడి మొదటిరోజు బడ్జెట్. అమెరికా మెరైన్ స్నైపర్లు దశాబ్దాల పాటు మోసిన ఉనెర్టల్ స్కోపు కూడా పది రెట్లదే.

ముసలాయన నాబు తిప్పాడు. క్లిక్కులు నాకు వినపడుతున్నాయి. ఊపిరి వదిలి నొక్కాడు. వెయ్యి గజాలకి తూటా చేరడానికి ఒకటిన్నర సెకను, ఇనుము మోత మనదాకా రావడానికి రెండున్నర పైన. ఆ నాలుగు సెకన్లూ ఎవరూ మాట్లాడరు. టంగ్‌మంది. మా స్కోపేశ్వరరావు చెవుల మీది మఫ్‌లు తీసి అడిగిన మొదటి ప్రశ్న, "గ్లాసు ఏ దేశానిదండీ?" నేను ఇంగ్లిషులోకి మార్చి అడిగాను. ముసలాయనకి తెలియదట. ఎప్పుడూ చూసుకోలేదట.

ఆయనే మాకు చవక స్కోపుని పరీక్షించే పద్ధతి చూపించాడు. 100 గజాల దగ్గర నిలువాటి కాగితం పెట్టి, గుండు దారం వేలాడదీసి నిలువు గీత గీస్తారు. అడుగున పెట్టిన చుక్క మీద ఒక తూటా పేల్చి, నాబుని 10 మిల్లులు పైకి తిప్పి అదే చుక్క మీద గురిపెట్టి మళ్లీ పేల్చాలి. రెండు చిల్లుల మధ్య దర్జీ టేపుతో కొలిస్తే 36 అంగుళాలు రావాలి. 35 వచ్చిందనుకోండి, ఈ 6.5 తూటా వెయ్యి గజాలకి పాతిక అడుగులు కిందికి దిగుతుంది కాబట్టి అక్కడ తొమ్మిది అంగుళాల దాకా తేడా. ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీల్లో వెయ్యి గజాల బొమ్మ మీద పదో నంబరు వలయం వ్యాసమే 10 అంగుళాలు. అయితే ప్రతిసారీ 35 వస్తే భయం లేదు, లెక్క సరిచేసుకోవచ్చు. ఒకసారి 35, ఒకసారి 37 వచ్చే స్కోపుని మాత్రం ఎంత చవకైనా ముట్టుకోకూడదు. ఇంత విని మన స్కోపేశ్వరరావు చేసిందల్లా ఫోను తీసి షీట్లో మరో కాలమ్ కలపడం.

తిరిగొచ్చే దార్లో ఊరుకోలేక, ఆయన రైఫిలుకి ఆ క్రీడ్‌మోర్ అన్న పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాను. న్యూయార్కు లాంగ్ ఐలాండ్‌లో ఒకప్పటి షూటింగ్ రేంజి పేరు. 1874లో అక్కడ అమెరికావాళ్లూ ఐరిష్‌వాళ్లూ 800, 900, 1000 గజాల్లో పోటీపడ్డారు. స్కోపు లేదు, కంటి ముందు చిన్న రంధ్రమున్న లోహపు సైటు అంతే. 934కి 931, మూడు పాయింట్ల తేడాతో అమెరికా గెలిచింది. ఇప్పటికీ పాల్మా అనే దూరపు రైఫిలు పోటీల్లో వెయ్యి గజాలకి స్కోపు లేకుండానే కాలుస్తారు.

ఆయన చాలాసేపు హైవే వంక చూశారు. "అదృష్టవంతులండీ, వాళ్లకి ఎంచుకునే బాధ లేదు" అన్నారు.

ఆయన్ని వదిలేయండి, మీకు నిజంగానే ఆ సరదా ఉంటే నా మాట ఇది. మూడు నాలుగు వందల్లో, క్లిక్కు తప్పనిదీ సున్నాకి తిరిగొచ్చేదీ ఒకటి కొనండి. మిగిలిన డబ్బు తూటాలకి పెట్టండి. మంచి రకం పెట్టె, ఇరవై తూటాలు, ముప్పై నలభై డాలర్లు. గంటకి పది మైళ్ల అడ్డగాలి వెయ్యి గజాల దగ్గర తూటాని అయిదారు అడుగులు పక్కకి తోసేస్తుంది. దాన్ని కనిపెట్టడం ఏ జర్మనీ అద్దమూ నేర్పదు, పేల్చిన పెట్టెలే నేర్పుతాయి.

స్కోపేశ్వరరావు సంగతంటారా, పోయిన వారం 34 మిల్లీమీటర్ల ట్యూబుకి ఖాయమయ్యారు. స్కోపు ఏదన్నది ఇంకా తేలలేదు. బడ్జెట్ పద్దెనిమిది వందలు దాటింది. మీలో ఎవరికైనా 30 మిల్లీమీటర్ల రింగులు కావలిస్తే కబురు పెట్టండి, ఆయన దగ్గర నాలుగు జతలున్నాయి. సీలు కూడా విప్పలేదు.