శని, ఆదివారాలకు ఒంటిపూట ఎండ

శ్రీ సూర్యనారాయణమూర్తి గారి దివ్య సముఖమునకు రాజమండ్రి పౌరుడొకడు నమస్కరించి రాసుకున్న బహిరంగ అర్జీ.

విషయం: మే నెల శని, ఆదివారాల్లో ఎండ వేళలు సవరించవలసిందిగా ప్రార్థన.

సూచిక: తమ మామగారు విశ్వకర్మ గారు పూర్వం తమకు పట్టిన సాన.

అయ్యా,

ఏ కష్టం వచ్చినా సోమవారం కలెక్టరాఫీసుకు వెళ్లి కాగితం ఇచ్చుకోవడం మాకు అలవాటు. ఈ కష్టం మాత్రం శని, ఆదివారాలది. ఆ రెండు రోజులూ తమ ఇంటివే. శనివారం తమ అబ్బాయి శనైశ్చరుల వారిది, ఆదివారం సాక్షాత్తూ తమది. తండ్రీకొడుకులు పంచుకున్న వారాంతం మీద కలెక్టరు గారికి మాత్రం ఏం అధికారం ఉంటుంది? అందుకే నేరుగా తమకే రాస్తున్నాను. తమ ఇంకో అబ్బాయి యమధర్మరాజు గారి ప్రస్తావన ఇందులో తేదలచుకోలేదు. వడదెబ్బ ఫైళ్లన్నీ చివరికి వారి బల్ల మీదికే చేరతాయని మాత్రం మనవి.

సంగతేమిటంటే, సెలవులకు హైదరాబాదు నుంచి మా బావమరిది పిల్లాపాపలతో దిగాడు. శుక్రవారం రాత్రి కొత్తపల్లి కొబ్బరి మామిడి ముక్కలు తింటూ, "రేపూ ఎల్లుండీ ఏం చూపిస్తావు బావా? మీ ఊళ్లో చూడ్డానికి గోదావరి తప్ప ఏముందిలే" అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. ఏం లేదండీ మా ఊళ్లో? 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి రిటైరైన హేవలాక్ వంతెన ఉంది. పైన బస్సుల్నీ కింద రైళ్లనీ 1974 నుంచి మోస్తున్న రోడ్డు వంతెన ఉంది. రెంటికీ తోడు కమానుల వంతెన ఉంది. ధవళేశ్వరంలో కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆనకట్ట చోట ఇప్పుడు బ్యారేజీ, దొర పేరున మ్యూజియం ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లుంది. తాళపత్రాలు దాచుకున్న గౌతమీ గ్రంథాలయం ఉంది. దామెర్ల రామారావు చిత్రశాల ఉంది. ఊపిరి తీసుకోకుండా అన్నీ చెప్పాను. వాడు అంతా విని, "ఎన్నింటికి బయల్దేరదాం?" అన్నాడు.

జవాబు నా దగ్గర లేదు. మే నెలలో మా ఊరికి రోజంటే రెండు అంచులే. తెల్లవారి అయిదున్నర నుంచి ఎనిమిది దాకా ఒకటి, సాయంత్రం ఆరు నుంచి నిద్ర వచ్చేదాకా ఒకటి. మధ్యలో ఉన్నదంతా తమరు. తమ గడియారం తప్పని వాదించడానికి కూడా లేదు. దేశమంతటికీ టైము కట్టిన 82.5 డిగ్రీల రేఖాంశం మా పక్కనున్న కాకినాడ దాపునుంచే పోతుంది. జైసల్మేరులో గడియారం పన్నెండు కొట్టాక కూడా తమరు నడినెత్తికి రావడానికి ఇంకో ముప్పావుగంట పడుతుంది. మాకు పన్నెండంటే పన్నెండే. మే రెండో వారంలో ఒక రోజైతే సరిగ్గా నెత్తి మీదే నిలబడతారు, ఆ మధ్యాహ్నం కరెంటు స్తంభానికి కూడా నీడ ఉండదు. ఆగస్టు మొదట్లో మళ్లీ అదే పని చేస్తారు కానీ, అప్పటికి మబ్బులుంటాయి గనక మేం లెక్కచేయం. ఇక గాలి సంగతి. పడమటి గాలి వీస్తే వడ, తూర్పు గాలి వీస్తే ఉక్క. ఏది కావాలో కోరుకోమంటే ఏం కోరుకుంటాం?

దామెర్ల రామారావు గారి గురించి తమకు కొంచెం వివరంగా చెప్పాలి. వెలుతురు విషయంలో తమతో పోటీకి దిగిన మనిషి ఆయన. 1897లో పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర కంట్లో పడ్డాడు. ఆయన ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి జేజే స్కూలులో చదివాడు. అక్కడే ఉండిపోతే పేరూ డబ్బూ వచ్చేవేమో, తిరిగి గోదావరి ఒడ్డుకే వచ్చాడు. శిష్యుల్ని తయారుచేసి, ఆంధ్రుల చిత్రకళకు ఒక బాణీ కట్టి, 1925లో మశూచి తగిలి 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు. తమరు రోజూ ఇన్ని గంటలు కష్టపడి మా కళ్లు మండించే ఈ వెలుతురునే ఆయన కాగితం మీద చల్లగా పరిచాడు. ఆ బొమ్మల ముందు మా మేనల్లుణ్ణి ఒక అరగంట నిలబెట్టాలని నా కోరిక. కానీ ఊళ్లో చూడదగ్గ చోట్లు చాలామటుకు ఆఫీసు వేళల్లోనే తెరుచుకుంటాయి. అంటే వాటి డ్యూటీ, తమ డ్యూటీ ఒకటే. మేం బయటికి రాగలిగే వేళకు వాటికి తాళం. తాళం తీసే వేళకు మేం తలుపులు బిగించుకుని, వట్టివేళ్ల తడికె మీద నీళ్లు చల్లుకుంటూ ఉంటాం.

మరి పగలు ఎక్కడికి పోవాలి? ఏసీ ఉన్న చోటికి. మేట్నీ చూసొచ్చిన వాణ్ణి సినిమా ఎలా ఉందని అడిగితే చల్లగా ఉందంటున్నాడు. శనివారం మధ్యాహ్నం మేమూ ఒక బట్టల కొట్లో దూరాం. మా బావమరిది భార్య ఓపిగ్గా చీరలన్నీ విప్పించి, చివరికి "మళ్లీ వస్తామండీ" అని లేచింది. కొట్టు కుర్రాడు ఒక్క మాట అనలేదు సరికదా, "ఇంకాసేపు కూర్చోండమ్మా, ఎండ తగ్గలేదు" అని మంచినీళ్లు తెప్పించాడు. మే నెల బేరాలు ఎలా ఉంటాయో వాళ్లకు తెలుసు. అక్కణ్ణుంచి రోజ్‌మిల్కు తాగడానికి వెళ్లాం. మా ఊరి రోజ్‌మిల్కే లేకపోతే ఈ అర్జీ ఇంకా ఘాటుగా ఉండేదని గ్రహించగలరు.

డబ్బున్న వాళ్లు మారేడుమిల్లి పోతారు, లేదా పాపికొండల లాంచీ ఎక్కుతారు. వాళ్ల సంగతి వదిలేయండి. ఊరు విడిచి పోవడం ఊళ్లో వారాంతం గడపడం కిందికి రాదు.

తమ పక్షం వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారన్న సంగతి దాచను. ఈ అర్జీ మీద మా అమ్మ సంతకం పెట్టలేదు. ఆవిడకు తమరు మండాలి, ఇంకా మండాలి. మాగాయ ముక్కలు ఉప్పూ పసుపూ పట్టించి మూడు రోజులు ఊరబెట్టింది. పిండిన ముక్కలు డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టింది, ఊటను వేరే గిన్నెలో పెట్టి దాన్నీ ఎండలోనే ఉంచింది. మిరపకాయలు ఒక పక్క, సగ్గుబియ్యం వడియాలు ఒక పక్క. ఆత్రేయపురంలో మామిడి తాండ్ర పోసేవాళ్లు కూడా ఆవిడ పార్టీయే, పొర మీద పొర ఆరాలంటే తమరు తప్ప దిక్కులేదు. ఆదివారం మధ్యాహ్నం ఒక మబ్బుతునక అడ్డం వచ్చింది. పిల్లలు కేకలేస్తూ వీధిలోకి పరిగెత్తారు. ఆవిడ అంతకన్నా గట్టిగా కేకలేస్తూ డాబా ఎక్కింది. ఒకే ఇంట్లో ఒకే మబ్బు మీద ఇంత అభిప్రాయభేదం ఉంటే తమరు మాత్రం ఎవరి మాట వింటారు? కాబట్టి తమరిని మొత్తంగా మానేయమని మేం అడగడం లేదు.

తమ సారథి అనూరుడి మీద కూడా మాకు ఫిర్యాదేమీ లేదు. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ మా ఊరు స్వర్గం. పుష్కరాల రేవులో స్నానాలు, కోటిలింగాల రేవులో ఈత నేర్చుకునే పిల్లలు, ఆర్ట్స్ కాలేజీ మైదానం చుట్టూ నడిచి కరిగించిన కొవ్వును పెసరట్టు ఉప్మాతో అక్కడికక్కడే తిరిగి సంపాదించుకునే పెద్దమనుషులు. ఆదివారం ఆరింటికల్లా కడియం తీసుకెళ్లాను మావాళ్లని. నర్సరీల్లో గొట్టాలతో నీళ్లు కొడుతున్నారు, తడిమట్టి వాసన వేస్తోంది, ఎక్కడెక్కడి ఊళ్లకో వెళ్లే మొక్కలు లారీలకెక్కుతున్నాయి. మా బావమరిది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "దేశానికంతటికీ చెట్లు పంపిస్తారు కదా, మీ ఊళ్లో రోడ్ల మీద ఒక్కటి ఉంచుకోలేకపోయారా?" అన్నాడు. హైదరాబాదు వాడి చేత అనిపించుకున్నాను స్వామీ.

ఇక్కడ తమ కుటుంబ విషయం ఎత్తక తప్పదు, క్షమించాలి. తమ ధర్మపత్ని సంజ్ఞాదేవి గారే తమ వేడి భరించలేక, తమ దగ్గర ఛాయాదేవి గారిని ఉంచి పుట్టింటికి వెళ్లిన సంగతి పురాణాల్లో అచ్చయి ఉంది. ఆ ఛాయాదేవి గారు మా ఊళ్లో కూడా ఉద్యోగం చేసేవారు. చింతచెట్ల కింద, రావిచెట్ల కింద, నిద్రగన్నేరు చెట్ల కింద, రిక్షావాళ్లకూ చెరకురసం బళ్లకూ చెప్పులు కుట్టేవాళ్లకూ సేవలందించేవారు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఆవిడ ఉద్యోగం ఊడుతోంది. ఇది తమ తప్పు కాదని మాకూ తెలుసు. తమరు త్రేతాయుగంలోనూ ఇంతే మండి ఉంటారు, రాముడు అడవిలో నడిచాడు గనక సరిపోయింది. రోహిణి కార్తెలో రోళ్లు పగలగొట్టడం తమ హక్కేననుకోండి. మా ఇళ్లలో రోళ్లు ఎప్పుడో పోయి మిక్సీలు వచ్చాయి. పగలడానికి ఇప్పుడు మా తలలు తప్ప ఏమీ మిగల్లేదు.

సాయంత్రం ఆరు దాటితే ఊరు ఊరంతా గట్టు మీదే ఉంటుంది. మొక్కజొన్న పొత్తులు, పిడతకింద పప్పు, ఐసుబండి గంట, హారతి. తమరు అస్తమించినా తమ బాకీ మాత్రం రేవు మెట్లలోనే ఉంటుంది, కూర్చుంటే చీరలోంచి పంచెలోంచి చురుక్కుమంటుంది. అందుకే చాలామంది నిలబడే గోదావరిని చూస్తారు. కుర్రాళ్లు రోడ్డు వంతెన మీదికి పోయి గాలికి నిలబడతారు, కింద రైలు పోతుంటే కాళ్లకు తెలుస్తుంది. హేవలాక్ వంతెన మాత్రం చీకట్లో ఖాళీగా ఉంటుంది. దాన్ని నలుగురూ తిరిగే చోటుగా మారుస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నాం.

కాబట్టి మా కోరికలు ఇవి. ఎండలు ముదరగానే సర్కారువారు పిల్లలకు ఒంటిపూట బడి పెడతారు. అదే పద్ధతిలో శని, ఆదివారాలకు తమరు ఒంటిపూట ఎండ పెట్టాలి. ఏ పూట అన్నది మా అమ్మతో మాట్లాడి చెబుతాను. అది కుదరదంటే విశ్వకర్మ గారిని మళ్లీ పిలిపించి, పూర్వం సాన పట్టి తీసినట్టే తమ తేజస్సులో ఇంకో ఎనిమిదో వంతు తీయించుకోండి. ఆ రాలిన పొడితో అప్పట్లో విష్ణుచక్రం, త్రిశూలం చేశారు. ఈసారి ఆయుధాలు వద్దు, బస్టాపుల మీదికి రేకులు చాలు. అదీ కుదరకపోతే ఛాయాదేవి గారిని డిప్యుటేషన్ మీద మా రేవులకు పంపండి. తమ సొంతిల్లయిన సింహరాశిలో గురువుగారు అద్దెకు దిగినప్పుడు మా గోదావరికి పుష్కరాలు. 2015లో వచ్చాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. ఇప్పుడు నాటితే అప్పటికి మనిషి ఎత్తు నీడైనా ఉంటుంది. మొక్కలు తెప్పించడానికి దూరం పోనక్కర్లేదని ఇందాకే మనవి చేశాను.

ఇవేవీ తమ వల్ల కాదంటే ఒక్క మాటసాయం చేయండి. చాలా ఊళ్లలో శాఖా గ్రంథాలయాలు పొద్దున్న కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి, మధ్యాహ్నం మూసుకుంటాయి. ఆ వేళలు పెట్టినవాడెవడో ఎండంటే ఏమిటో తెలిసినవాడు. చిత్రశాలలకూ మ్యూజియాలకూ వేసవి మూడు నెలలైనా అలాగే రెండు పూటలు పెట్టించమని తాళంచెవులున్న వారికి సిఫారసు చేయండి. మేం చెబితే కాగితం మీద కాగితం పడుతుంది. తమరు చెబితే కనీసం చెమటైనా పడుతుంది.

జవాబు అనూరుడి చేత పంపించండి. ఉదయం ఎనిమిది లోపల అయితే రేవులోనే దొరుకుతాం. పది దాటాక మాత్రం తమరే స్వయంగా వచ్చినా తలుపు తీయం.

ఇట్లు
తమ విధేయుడు,
గోదావరి గట్టు, రాజమండ్రి

నకళ్లు:
వరుణదేవుల వారికి, జూన్ దాకా ఆగవద్దని ప్రార్థనతో.
ఛాయాదేవి గారికి, పాత ఉద్యోగంలో తిరిగి చేరే నిమిత్తం.
తాళంచెవుల బాధ్యులకు, సమాచార నిమిత్తం కాదు, తగు చర్య నిమిత్తం.