మక్కచేను గట్టు మీది పత్రరంధ్రం

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే రోడ్డు పక్కన ఒక మక్కచేను ఉంది. దాని గట్టున పాకిన వెన్నదేవి కూర ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాన్ని నేను. పేరుకు ఒక్కదాన్నే గానీ, ఉన్నది ఇద్దరం. ఒకే తల్లికణం రెండుగా చీలి రెండు రక్షక కణాలైంది. ఆ రెంటి నడుమ సందే నా నోరు. కలుపు తీసే అక్కలు మా మొక్కను పీకేస్తారు. కొందరు లేత ఆకులు తెంపి కూరకని కొంగులో వేసుకుంటారు.

పొద్దు పొడవగానే నా పని మొదలవుతుంది. ఎండలోని నీలి వెలుగు నాలోని ఫోటోట్రోపిన్ అనే ప్రోటీన్‌కు తగులుతుంది. దాంతో పొరలోని పంపులు హైడ్రోజన్ అయాన్లను బయటికి తోస్తాయి. ఒక్కో అయాన్‌ను తోయడానికి, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. వాటి ధనావేశం బయటికి పోయిందా, పొటాషియం లోపలికి వస్తుంది, దాని వెంటే నీళ్లు. నీళ్లకు ఉబ్బి, నడుమ మందపు గోడలు విల్లులా వంగి, నోరు తెరుచుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోతుంది, ఆవిరి బయటికి వస్తుంది. మూసుకోవడానికి ఇంత ఖర్చు లేదు. తెరుచుకోవడమే కష్టం.

మరి ఆ ఏటీపీ ఎక్కడిది? నాలోనూ పచ్చని హరితరేణువులున్నాయి కాబట్టి నా తిండి నేనే వండుకుంటాననిపిస్తుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర అనే శాస్త్రవేత్త ఈ ప్రశ్నను మా వెన్నదేవి ఆకునే అడిగారు. మా ఆకు పైపొర కింది కణాలు అంటకుండా పలుచగా ఊడి వస్తుంది, అందుకే శాస్త్రవేత్తలకు మేమంటే ఇష్టం. శ్వాసక్రియను ఆపే మందులు, వెలుతురుతో ఏటీపీ తయారయ్యే దారిని ఆపే మందులు ఆ పొరల మీద వేసి చూశారు. రెండు దారులూ నాకు పనికొస్తాయని తేలింది. 1981లో ఆ పరిశోధన ప్లాంట్ ఫిజియాలజీ పత్రికలో వచ్చింది.

2022లో హాంకాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇంకో సంగతి చూపించారు. దాని రక్షక కణాల్లోని హరితరేణువులు వెలుతురులో సరిపడా ఏటీపీ చేసుకోలేక, తమ చుట్టూ ఉన్న కణద్రవం నుంచే తెచ్చుకుంటాయట. ఆకు లోపలి పత్రాంతర కణాలు చేసి పంపిన చక్కెరే వాటికి ఆధారం. ఆ మాట నా మనసుకు బాగా పట్టింది. వెలుగు నన్ను లేపుతుంది, కడుపు నింపడంలో మాత్రం ఇరుగుపొరుగు చెయ్యి ఉంది.

ఆ ఇరుగుపొరుగులో వేర్లూ ఉన్నాయని ఒక వానకు తెలిసింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు వాన ముంచెత్తింది. మా చేనులోనూ మోకాలెత్తు నీళ్లు నిలిచాయి. ఎండ కాసినా మక్కాకుల మీది రంధ్రాలు సరిగా తెరుచుకోలేదు. మట్టిలో ఆక్సిజన్ లేక వేర్లకు ఊపిరాడలేదు. ఊపిరాడని వేరు నీళ్లను పైకి పంపలేదు. చుట్టూ నీళ్లున్నా ఆకులు వాడిపోయాయి. రైతు పార పట్టి, గట్టు తెంపి నీళ్లు బయటికి వదిలాడు. వేర్లకు గాలి తగిలాకే, ఒక్కో ఆకూ మళ్లీ నోరు విప్పింది.