బూడిద రంగు విమానం, ఎన్నికల కోడ్

ప్రభుత్వ రవాణా విమానం అంటే యుద్ధం చేయకుండా, టికెట్లు అమ్మకుండా, ప్రభుత్వం తరఫున మనుషులనూ సామగ్రినీ ఒకచోటి నుంచి మరోచోటికి చేరవేసే విమానం. దాని ఒంటిమీద ఎక్కడ ఏ రంగు, ఏ అక్షరం, ఏ చిహ్నం ఉండాలో నిర్ణయించే కూర్పును విమానయాన రంగంలో లివరీ అంటారు. ఇంజను శక్తి గురించో, ఇంధన వినియోగం గురించో, కొనుగోలు ఒప్పందంలోని షరతుల గురించో మాట్లాడాలంటే కొంత చదవవలసి వస్తుంది గానీ, లివరీ గురించి మాట్లాడటానికి కళ్లుంటే చాలు కనుక, ప్రభుత్వ విమానాలపై ప్రజాస్వామ్య దేశాల్లో వెలువడే అభిప్రాయాలు చాలావరకు రంగు దగ్గర మొదలై రంగు దగ్గరే ముగుస్తాయి.

అమెరికా అధ్యక్షుడి విమానానికి 1962లో, కెనెడీ హయాంలో, రేమండ్ లోవీ అనే పారిశ్రామిక రూపశిల్పి కూర్చిన తెలుపు, లేత నీలం రంగులు తరువాతి అధ్యక్షులందరికీ సరిపోయాయి. 2018లో ట్రంప్ మాత్రం కొత్తగా రాబోయే విమానాలకు ఎరుపు, తెలుపు, ముదురు నీలం కావాలని ప్రకటించారు. ముదురు నీలం వేడిని పీల్చుకోవడం వల్ల కొన్ని పరికరాలకు అదనపు పరీక్షలు జరపవలసి వస్తుందని 2022లో అక్కడి వైమానిక దళం తేల్చడంతో, మరుసటి ఏడాది బైడెన్ ప్రభుత్వం పాత కూర్పును పోలిన లేత నీలాన్నే ఖరారు చేసింది. ఈ శాస్త్ర సత్యం తెలుసుకోవడానికి అంత పెద్ద దేశానికి నాలుగేళ్లు పట్టింది గానీ, మే నెలలో, ఎండలకు పేరుపడ్డ రెంటచింతలలో నల్ల గొడుగు వేసుకుని నిలబడిన ఎవరిని అడిగినా నిమిషంలో చెప్పేవారు. బ్రిటన్ 2020లో వైమానిక దళానికి చెందిన బూడిద రంగు వాయేజర్ విమానానికి సుమారు 9 లక్షల పౌండ్ల ఖర్చుతో తెల్లరంగు వేయించి, తోకకు జెండా అద్దించింది. ఆ విమానం మంత్రులను మోయడంతోపాటు యుద్ధ విమానాలకు గాలిలో ఇంధనం అందించేది కూడా కావడంతో, శత్రువు కంట పడకుండా ఉండవలసినదానికి పెళ్లికొడుకు ముస్తాబు ఎందుకని విమర్శకులు నిలదీశారు. మన దేశానికి అదే ఏడాది అక్టోబర్ 1న, భారత్ అని దేవనాగరిలోనూ ఇండియా అని ఇంగ్లిషులోనూ రాసి, అశోక చిహ్నం ముద్రించిన కొత్త బోయింగ్ 777 వచ్చింది. దాని రంగుపై ఆంధ్రప్రదేశ్‌లో చెప్పుకోదగిన వివాదం ఏదీ చెలరేగలేదు, ఎందుకంటే రంగుల విషయంలో ఈ రాష్ట్రం అప్పటికే అలసిపోయి ఉంది.

ఆ అలసటను అర్థం చేసుకోవడానికి మంగళగిరిని మించిన చోటు లేదు. ఇక్కడి చేనేత చీర నేతకు ముందే నూలు అద్దకంలో మునిగి తేలుతుంది. పక్కనే ఉన్న గుంటూరు మిర్చి యార్డులో కాయ రంగును బట్టి ధర పలుకుతుంది, రంగు వెలిస్తే తాలు కింద పక్కకు పోతుంది. రంగును ఇంత సూక్ష్మంగా పరీక్షించే నేలమీదనే, ఒకే నగరపాలక సంస్థ పరిధిలో, ఆత్మకూరులో తెలుగుదేశం, తాడేపల్లిలో వైఎస్సార్ కాంగ్రెస్, మంగళగిరిలో జనసేన తమ ప్రధాన కార్యాలయాలను నెలకొల్పుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, పరిశోధకుడికి మాత్రం వరం. తెలుగు నాట ఒక గోడను చూసిన పౌరుడు అది బడా, ఆసుపత్రా అని అడిగే ముందు అది ఎవరిదని అడుగుతాడు.

2019 వరకు అన్న క్యాంటీన్ల గోడలపై కనిపించిన పసుపు ఛాయ ఆహారానికి సంబంధించినదేనని అప్పటి పాలకులు నమ్మగా, ఆ తరువాత వచ్చినవారు పంచాయతీ కార్యాలయాలకూ గ్రామ సచివాలయాలకూ నీలం, తెలుపు, ఆకుపచ్చ వేయించారు. గుంటూరు జిల్లా పల్లపాడు పంచాయతీ భవనం రంగుపై దాఖలైన వ్యాజ్యంలో హైకోర్టు 2020 మార్చి 10న ఆ పార్టీ రంగులను తొలగించాలని ఆదేశించింది; సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. అప్పుడు ప్రభుత్వం ఏప్రిల్‌లో 623వ నంబరు జీవోను, అంటే ప్రభుత్వ ఉత్తర్వును, వెలువరించింది. అలంకార శాస్త్రంలో వ్యాఖ్యానమనే ప్రక్రియ ఎంత ఎత్తుకు ఎదగగలదో ఆ జీవో చూపింది: పాత మూడు రంగులకు మట్టి రంగును జోడించి, ఆకుపచ్చ పంటలకూ, నీలం మత్స్య సంపదకూ, తెలుపు పాడికీ, నాలుగోది భూమికీ సంకేతాలని అది వివరించింది. హైకోర్టు మే 22న ఆ జీవోను కొట్టివేసింది, జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాల గడువు పెట్టి, రంగులు తీయకపోతే కోర్టు ధిక్కారమని హెచ్చరించింది. గోడలకు రంగు వేయడానికీ, తీయడానికీ, మళ్లీ వేయడానికీ ఖజానా నుంచే డబ్బు వెళ్లింది కనుక, ఈ మొత్తం వ్యవహారంలో ఏ పార్టీకీ చెందకుండా స్థిరంగా లాభపడినది రంగుల పరిశ్రమ ఒక్కటే.

కోర్టు కోరిన తటస్థ వర్ణం ఏది అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ తగినంత శ్రద్ధ పొందలేదు. పసుపు తెలుగుదేశానిది, నీలం, తెలుపు, ఆకుపచ్చ వైఎస్సార్ కాంగ్రెస్‌వి, ఎరుపుపై కమ్యూనిస్టుల హక్కు పాతది కాగా జనసేన నక్షత్రం దానిలో వాటా అడుగుతుంది, కాషాయం బీజేపీది, మూడు రంగుల వరస కాంగ్రెస్‌ది, గులాబీ సరిహద్దు అవతలిది, నలుపు ఎప్పుడూ ప్రతిపక్షంలో ఉన్నవారిది. మట్టి రంగు పేరు 623వ జీవోలో చెడిపోయింది. ఈ తీసివేతలన్నీ పూర్తయ్యాక లెక్కలో మిగిలేది బూడిద రంగు.

ఆ రంగుకు ఒక పరీక్ష జరిగింది, అదీ అనుకోకుండా. మంగళగిరి మీదుగా పోయే పదహారో నంబరు జాతీయ రహదారిపైనే, దక్షిణంగా అద్దంకి వైపు కొరిశపాడు, రేణింగవరం మధ్య 4.1 కిలోమీటర్ల పొడవున అత్యవసర ల్యాండింగ్ స్ట్రిప్ ఉంది. విమానాశ్రయం అందుబాటులో లేనప్పుడు వైమానిక దళం రోడ్డునే రన్‌వేగా వాడుకోవడానికి వేసిన కాంక్రీటు పట్టీ అది. 2024 మార్చి 18న అక్కడ సుఖోయ్, హాక్ విమానాలు నేలను తాకకుండా తక్కువ ఎత్తులో దూసుకుపోగా, ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి తిరిగి లేచాయి. దానికి రెండు రోజుల ముందే, మార్చి 16న, ఎన్నికల షెడ్యూలు ప్రకటనతో ప్రవర్తనా నియమావళి, అంటే జనం నోట ఎన్నికల కోడ్, అమల్లోకి వచ్చింది. ఊరూరా నాయకుల విగ్రహాలకు ముసుగులు తొడుగుతూ, ఫ్లెక్సీలు దించుతూ, శిలాఫలకాలపై కాగితాలు అతికిస్తూ సిబ్బంది తలమునకలై ఉన్న ఆ వారంలో, ప్రభుత్వ సొమ్ముతో కొన్న ఒక భారీ బూడిద రంగు ఆస్తి పట్టపగలు జాతీయ రహదారి మీద దిగితే దానిపై ఎవరూ దుప్పటి కప్పవలసిన అవసరం రాలేదు. గుండ్రటి త్రివర్ణ ముద్ర తప్ప అందులో కోడ్‌కు అందే రంగేదీ లేదు, ఆ ముద్ర కూడా దేశానిదే.

మబ్బులో కలిసిపోవడానికీ, దూరం నుంచి కంటికి ఆనకుండా ఉండటానికీ వైమానిక దళం ఎంచుకున్న ఆ బూడిద రంగును సచివాలయాలకు వేయవచ్చని సిఫారసు చేయడానికి ఒక చిక్కు ఉంది. 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వు ప్రకారం ఎన్నికల సంఘం పార్టీలకు గుర్తులను కేటాయిస్తుంది గానీ రంగులను కేటాయించదు కనుక, బూడిద రంగు ఇంకా ఎవరికీ రిజర్వు కాలేదు. ఎవరైనా దాన్ని జెండాగా ఎగరేసిన మర్నాడు ఏఎన్-32 కూడా దుప్పట్లతో దిగవలసి వస్తుంది. వైమానిక దళం వద్ద వంద దాకా ఉన్న ఆ విమానాలకు ఏ కొలత దుప్పట్లు కావాలో జిల్లా యంత్రాంగాలు ముందే కనుక్కుని ఉంచుకోవడం మంచిది.