నాచారం మేడ మీది రాగి తీగ

నా పొడుగు 20 మీటర్లు. నడిమికి విడిపోయి రెండు వైపులా పదేసి మీటర్ల చేతులు చాచుకుని ఉంటాను. హామ్ రేడియో వాళ్లు నన్ను డైపోల్ యాంటెన్నా అంటారు. ఇంట్లోవాళ్లకు మాత్రం నేను ‘తాత తీగ’నే.

పుట్టింది 2003 వేసవిలో, నాచారం హెచ్ఎంటీ నగర్‌లో. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరైన మా పెద్దాయన కోఠి గుజరాతీ గల్లీలో రాగి తీగ చుట్ట కొని, సంచిలో వేసుకుని సిటీ బస్సులో తెచ్చాడు. వాకిట్లో టేపు పరిచి కొలిచాడు. 143ని ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే మీటర్లలో నా పొడుగు వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి 20 మీటర్ల 14 సెంటీమీటర్లు. అయినా అటూ ఇటూ జానెడు జానెడు ఎక్కువే ఉంచాడు. “కోయడానికేం, ఎప్పుడైనా కోయొచ్చు. అతికించడమే కష్టం” అన్నాడు.

నడుమ పీవీసీ పైపు ముక్క, దానికి నాలుగు బెజ్జాలు. నా కొసలను వాటిలోంచి దూర్చి మెలిపెట్టాడు. సెట్టు నుంచి వచ్చే కేబుల్ నడిమి తీగను ఒక చేతికి, పైన జల్లెడలా అల్లుకున్న తీగను రెండో చేతికి పెట్టి సోల్డర్ చేశాడు. రోజిన్ పొగ లేచింది. మెరిసే సీసం చుక్క గట్టిపడేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. చెయ్యి కదిలితే అతుకు మసకబారుతుంది. మసకబారిన అతుకు మొదటి వానకే మోసం చేస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా నా అతుకు ఊడలేదు.

సాయంత్రానికి నన్ను వాటర్ ట్యాంకు పైపుకూ పెరట్లో వేపచెట్టుకూ మధ్య కట్టాడు. నేల నుంచి ఆరేడు మీటర్లు, అంతే. ఎత్తు తక్కువని నాకు చిన్నతనమేమీ లేదు. తక్కువ ఎత్తులో ఉన్నప్పుడు నా అలలు నిట్టనిలువునా పైకి లేచి, అయనావరణాన్ని తాకి, గొడుగు విప్పినట్టు చుట్టుపక్కల నాలుగైదు వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతాయి. తుపానొచ్చినా వరదొచ్చినా కావలసింది ఆ దూరమే. నాచారం నుంచి అమెరికాను పిలవడం గొప్పే. ఆపదలో మాత్రం విజయవాడ పలకాలి, విశాఖ పలకాలి.

పెద్దాయన ఈ విద్య నేర్చింది సోమాజిగూడలో. 1983లో హైదరాబాద్‌లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ అక్కడే క్లాసులు నడిపేది. ఆఫీసు వదిలాక వెళ్లి, బల్ల మీద వేళ్లతో మోర్స్ కొట్టుకుంటూ తిరిగొచ్చేవాడట. కొన్నాళ్లకు సెట్టు కూడా సొంతంగా కట్టుకున్నాడు. హైదరాబాద్‌కే చెందిన అశ్హర్ ఫర్హాన్ రూపొందించి, అందరూ కట్టుకోండని పంచిపెట్టిన బిట్ఎక్స్ అది. ఎన్నో దేశాల హామ్‌లు దాన్ని చేత్తో కట్టుకున్నారు. మన ఊళ్లో పుట్టిన సెట్టుకు నేను తీగనయ్యానని ఇప్పటికీ గర్వపడతాను.

రోజూ పొద్దున రేడియోలో ‘నెట్’ ఉండేది. ఒకరు కంట్రోల్‌గా కూర్చుని కాల్‌సైన్లు పిలుస్తారు. పిలిచినవాళ్లే పలకాలి, మిగతావాళ్లు వినాలి. “మీ సిగ్నల్ ఐదూ తొమ్మిది. ఇక్కడ ముసురు.” ఇంతే సంభాషణ. ఇంటికొచ్చిన చుట్టాలు అడిగేవారు, ఈ మాత్రానికి రోజూ కూర్చోవాలా అని. కూర్చోవాలి. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఒక్క మాటా దక్కదు. నోరు ఎప్పుడు మూసుకోవాలో ఆపద రోజున నేర్చుకోలేం.

ఆ సంగతి నాకు 2004 డిసెంబర్‌లో తెలిసింది. చాలా ఏళ్ల తర్వాత అండమాన్‌లో హామ్ రేడియోకు అనుమతి దొరికింది. భారతి ప్రసాద్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌బీఐ, ఒక జట్టుతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. వీయూ4ఆర్‌బీఐ అన్న పిలుపు కోసం ప్రపంచమంతా చెవి ఒగ్గింది. ఆ పిలుపు వినిపించే 14 మెగాహెర్ట్జ్ నా కొలత కాదు, అయినా వినడానికి పనికొచ్చాను. 26వ తేదీ పొద్దున భూమి కంపించింది, సముద్రం పైకొచ్చింది. ద్వీపాల్లో ఫోన్లు మూగబోయాయి. అంతకు ముందురోజు దాకా సరదా పలకరింపులు సాగిన ఆ సెట్ల మీదే ఎవరు బతికున్నారు, ఎవరి జాడ తెలియలేదన్న కబుర్లు సాగాయి. మిగతా ప్రపంచం ఆ ఫ్రీక్వెన్సీ వదిలి పక్కకు జరిగింది. మా పెద్దాయన మైకు ముట్టుకోలేదు. పెన్ను పట్టుకుని రోజంతా విన్నాడు.

పదేళ్లకు, 2014 అక్టోబర్ 12న, హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడింది. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు పడిపోయాయి. హైదరాబాద్ నుంచి హామ్‌లు సెట్లు, బ్యాటరీలు మోసుకుని బయల్దేరారు. పెద్దాయన మోకాళ్లు ఒప్పుకోలేదు. రాత్రికి రాత్రి నాలాంటి తీగనే ఇంకొకటి కోసి, చుట్టచుట్టి, వెళ్లే కుర్రాడి చేతిలో పెట్టాడు. నా తమ్ముడు తిరిగొచ్చేసరికి ఒంటినిండా పచ్చటి చిలుము, సముద్రపు ఉప్పుగాలి పట్టింది. పెద్దాయన చింతపండుతో తోమబోయి ఆగిపోయాడు. ఇప్పటికీ వాడు అలాగే ఉన్నాడు.

మరుసటేడు ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చారు. వేపచెట్టు పోయింది. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. టెర్రస్ అందరిదీ. నన్ను కడతానంటే అసోసియేషన్ వద్దంది. “అంకుల్, పిడుగు పడితె బిల్డింగ్ మొత్తం పోతది” అన్నారు. ట్యాంకు కంటే నేను ఎత్తు కాదనీ, ఉరిమినప్పుడు కేబుల్ ఊడదీస్తాననీ, ప్రభుత్వ లైసెన్సు ఉందనీ చెప్పాడు. వినలేదు. దాదాపు నాలుగేళ్లు గోనెసంచిలో పడి ఉన్నాను. పొద్దుటి నెట్‌లో ఆయన కాల్‌సైన్ పిలుస్తూనే ఉన్నారట, జవాబు లేదు. కొందరు ఆయన పోయాడనుకున్నారు. నా బతుకులో నేను మరిచిపోలేని బాధ అది.

2020 అక్టోబర్ 13 రాత్రి కుండపోత. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. హబ్సిగూడ వీధులు, రామంతాపూర్ కాలనీలు మునిగాయి. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోనులో గీతలు లేవు. పెద్దాయన ఎవరినీ అడగలేదు. తడి టెర్రస్ మీద మనవరాలితో కలిసి నన్ను మెట్లగదికీ ట్యాంకు పైపుకూ నైలాన్ తాడుతో కట్టాడు. పావుగంట కూడా పట్టలేదు. కారు బ్యాటరీ, బిట్ఎక్స్, నేను.

తొమ్మిది దాటాక విజయవాడ పలికింది. అక్కడి హామ్ గొంతులో కంగారు. రామంతాపూర్‌లో ఉన్న హామ్ మిత్రుడి ఇల్లు రాత్రి నుంచి అందడం లేదు, ఆ మిత్రుడి చెల్లెలు ఏడుస్తోంది. పెద్దాయన పిలిచాడు, ఆగాడు, మళ్లీ పిలిచాడు. మూడోసారికి సన్నగా జవాబు. కిటికీలోంచి తీగ వేలాడదీసి పలికాడు ఆ మిత్రుడు. మధ్య దూరం అయిదారు కిలోమీటర్లు, పైగా అంతా నీళ్లు. పెద్దాయన ఒక్కో మాటా విడదీసి చెప్పించుకుని, మనవరాలి చేత నోటుపుస్తకంలో రాయించి, తిరిగి చదివి వినిపించాడు.

“ఐదుగురం. పై అంతస్తులో ఉన్నాం. క్షేమం. అమ్మకు షుగరు మందు రెండు రోజులకే ఉంది.”

అదే మాట, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, విజయవాడ చేరింది. నీళ్లు తీశాక మూడో రోజు మందు చేరింది.

ఆ తర్వాత నన్ను విప్పమని ఎవరూ అనలేదు. అనుమతి కాగితమూ ఇవ్వలేదు. మళ్లీ పొద్దున్నే ఆ కాల్‌సైన్ పలుకుతోంది. మనవరాలు హామ్ లైసెన్సు పరీక్షకు చదువుకుంది. 12 ఏళ్లు నిండితే చాలు, రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా అక్కర్లేదు. “తాతా, నాకు వేరే తీగ కోసిస్తవా?” అని అడిగితే, “నువ్వే కోసుకో, జానెడు ఎక్కువ ఉంచు” అన్నాడు.

ఉప్పల్‌లోనో నాచారంలోనో మీ అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా వచ్చి, లైసెన్సు చూపించి, మేడ మీద ఒక తీగ కట్టుకుంటానని అడిగితే దయచేసి కాదనకండి.